వెనక్కి తిరిగిన పిడి

నేను ఒక స్పిన్నింగ్ రీల్‌ని, గాలం కర్రకు తగిలించి, పిడి తిప్పి దారం చుట్టుకునే యంత్రాన్ని. ఈ నిమిషాన నా పక్కమూత ఊడదీసి, లోపలి పళ్లచక్రాలు పదిమందికీ కనబడేలా గాజుబల్ల మీద పడుకోబెట్టారు. నా ఎదురుగా డాక్టర్ కృపావరం నిలబడి ఉన్నాడు. ఆయన కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి. కట్టు తెల్లగా మెరిసిపోతోంది. పళ్లు పీకే డాక్టరు. ఇంకో నెల దాకా ఎవరి పన్నూ పీకలేడు.

"ఇదిగో, ఇదే! సముద్రానికి వెళ్తానంటే బొమ్మ రీలు అంటగట్టింది ఈవిడ" అంటూ ఎడమచేత్తో నన్ను పొడిచాడు.

బొమ్మ! నాకు నోరుంటే అప్పుడే జవాబు చెప్పేదాన్ని.

ఈవిడ అంటే పైడితల్లి. విశాఖ చేపలరేవు దగ్గర ఇరవై ఏళ్లుగా గాలాల దుకాణం నడుపుతున్న మనిషి. ఆదివారం మధ్యాహ్నం కావడంతో, రాతిగట్టు మీద గాలం వేసే సంఘం సభ్యులందరూ దుకాణంలోనే ఉన్నారు. కార్యదర్శి లోకనాథం మాస్టారు తగువు తేల్చి రాయడానికి సంఘం పుస్తకం తెరిచి, కలం మూత తీసి మరీ కూర్చున్నాడు. ఆయన హెడ్మాస్టరుగా రిటైరై ఆరేళ్లయింది గానీ ఆ చూపు ఇంకా రిటైరు కాలేదు.

"డాక్టరు బాబూ, నీ సేతికి నాను తప్పు రీలు ఇచ్చినానని తేలితే, ఇప్పుడే నిచ్చెన ఏసి ఆ షాపు బోర్డు దించీస్తాను. మల్లీ ఎవులికీ రీలు సెప్పను" అంది పైడితల్లి.

ఆమె అంత మాట ఎందుకు అందో తెలియాలంటే నా కథ కొంచెం వినాలి.

ఇనుము, అల్యూమినియం, ఉక్కుగుండ్లు కలిపి నన్ను ఎక్కడో సముద్రాల అవతల ఒక కర్మాగారంలో బిగించారు. నా నంబరు అయిదువేలు. దారం చుట్టుకునే గిన్నె ఎంత పెద్దదో చెప్పే లెక్క అది. పైడితల్లి గాజు అలమరలో నా కుటుంబమంతా వరసగా ఉండేది. ఒక చివర వెయ్యి నంబరు బుజ్జి తమ్ముడు. ఇంకో చివర బంగారు రంగులో మెరిసే పద్నాలుగువేల నంబరు పెద్దన్న. దుకాణంలోకి అడుగుపెట్టిన ప్రతి మగాడూ మొదట పెద్దన్ననే చూసేవాడు. వాళ్లు చెరువులో చేపకు పోతున్నారో, సొరచేపతో యుద్ధానికి పోతున్నారో తర్వాతి సంగతి.

పైడితల్లి మాత్రం ఎవరొచ్చినా మూడే అడిగేది.

"ఏ నీల్లు? ఏ సేప? నీ మణికట్టు ఎంతసేపు ఆగుతాది?"

మూడో ప్రశ్నకు జవాబు నోటితో చెప్పనిచ్చేది కాదు. చెయ్యి పట్టుకుని చూసేది.

నన్ను మొదట కొన్నవాడు అనకాపల్లి కాలేజీ లెక్చరర్ సన్యాసిరావు. చెరువులో జిలేబి చేపలు పట్టుకోవడానికి నేనెందుకని ఆమె మొత్తుకున్నా వినలేదు. వారం తిరక్కుండానే వచ్చాడు. "చేప కొరికినట్టే తెలియడం లేదమ్మా, భుజం లాగేస్తోంది" అన్నాడు. తెలియదు మరి! అరచెయ్యంత చేప ముట్టుకుంటే నాలాంటి దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆమె ఒక్క మాట ఎత్తిపొడవకుండా నన్ను అలమరలో పెట్టేసి, రెండువేల నంబరు తమ్ముణ్ణి ఆయన చేతికిచ్చింది. మర్నాడే ఫోను, బకెట్టు నిండిందని.

తర్వాత వచ్చాడు డాక్టర్ కృపావరం. రావడంతోనే పెద్దన్న మీద చెయ్యి వేశాడు.

"అది పడవ మీద నడిసంద్రానికి ఎల్లేవోళ్లకి బాబూ. వంజరం, సూర చేప, అలాటోటికి. నువ్వు రాతిగట్టు మీద నిలబడి, ఎర ఇసిరి లాగి, మల్లీ ఇసిరి లాగే మనిషివి. పొద్దుట్నించి రెండొందలసార్లు ఇసరాల. దీనితో ఇసిరితే పదింటికల్లా నీ సెయ్యి ఊడి రాల్ల మీద పడతాది. ఈ అయిదువేలు పట్టుకెల్లు."

"మరీ చిన్నగా ఉందమ్మా."

"నువ్వు పీకే పన్ను మటుకు పెద్దదా ఏటి? నొప్పి పుట్టించడం లేదూ!"

అలా నేను డాక్టరు చేతికి వచ్చాను. నాలుగు నెలల్లో పదకొండు చేపలు. ఉప్పుటేరులో పండుగప్పలు రెండు. రాతిగట్టు మీద ఏడు కిలోల పార చేప, ఇరవై నిమిషాల పోరు. అది లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెంగా వదిలాను, అలిసినప్పుడు కొంచెం కొంచెంగా చుట్టాను. డాక్టరు ఆ ఫొటోను తన ఆసుపత్రి గోడకు తగిలించుకున్నాడు. ఫొటోలో నేను లేను. మనుషులు ఫొటోల దగ్గర అంతే.

ఒకరోజు ఆయన నన్ను తడి ఇసకలో పడేశాడు. లోపల గరగరమంటోందని డ్రైవరుకిచ్చి దుకాణానికి పంపాడు. ఆ నాలుగు రోజులూ పైడితల్లి ఊళ్లో లేదు, పూడిమడకలో చెల్లెలి కూతురి పెళ్లికి వెళ్లింది. నన్ను వేరే చేతులు విప్పాయి. మోటు చేతులు, కానీ ప్రేమగల చేతులు. ఇసకంతా ఊది, తుడిచాయి. అక్కడితో ఆగితే ఈ కథే లేదు.

"పాపం, ఇంత గ్రీజైనా లేదేటి దీనికి! ఎండిపోయి సస్తన్నాది" అన్నాడా మనిషి. వేలెడు గ్రీజు తీసి, ఎక్కడ సందు కనబడితే అక్కడ కూరాడు.

నాలో ఒక చిన్న బేరింగు ఉంది. చేప ఎంత లాగినా పిడిని వెనక్కి తిరగనివ్వకుండా ఆపేది అదే. దానికి చిక్కటి గ్రీజు తగిలిందా, లోపలి గుండ్లు పట్టు తప్పి జారిపోతాయి. ఆ మనిషికి ఆ సంగతి తెలియదు. పని అయ్యాక నన్ను తువ్వాలుతో తుడిచి ముద్దుగా తట్టాడు.

మొన్న గురువారం పొద్దున రాతిగట్టు మీద పడింది నా జన్మలోకెల్లా పెద్ద చేప. డాక్టరు వెనక్కి వాలి పిడి పట్టుకున్నాడు. పిడి ఆగలేదు. గిర్రున వెనక్కి తిరిగి ఆయన వేళ్ల మీద ఠపఠపమని కొట్టింది. దారం, ఎర, చేప అన్నీ పోయాయి. నేను సిగ్గుతో మిగిలాను.

అదీ జరిగింది. ఇక గాజుబల్ల దగ్గరికి వద్దాం.

పైడితల్లి నా దారం కొసను స్ప్రింగు కాటాకు కట్టి లాగింది. ముల్లు ఏడు కిలోల దగ్గర నిలిచి, ఆ తర్వాతే దారం మెత్తగా వదిలింది. "దారం వదిలే బిగింపు సరిగ్గానే ఉన్నాది" అంది. భూతద్దంతో నా పళ్లచక్రాలు చూసింది. ఒక్క పన్నయినా విరగలేదు. "డాక్టరు బాబూ, నువ్వూ సూడు. పళ్లు నీకు తెలిసినట్టు ఎవులికి తెలుస్తాయి?"

ఎవరో కిసుక్కుమన్నారు. డాక్టరు నవ్వలేదు.

అప్పుడు ఆమె నా పిడిని వెనక్కి తిప్పింది. వెన్నలో వేలు దిగినట్టు తిరిగింది.

ఆమె మొహం మారిపోయింది. చిన్న బేరింగు ఊడదీసి, చూపుడువేలితో లోపల గీకి, వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపుపచ్చ గ్రీజు. పడవ ఇంజన్లకు పెట్టేది. ముప్పై ఏళ్లుగా ఆ వాసన పట్టిన చొక్కాలు ఉతుకుతున్న చేతులవి. కళ్లెత్తి గుమ్మం వైపు చూసింది.

గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని ఆమె భర్త నిలబడి ఉన్నాడు. రేవులో ఏ పడవ ఇంజను ఆగిపోయినా కబురు ఆయనకే వెళ్తుంది. గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

పైడితల్లి బేరింగును పెట్రోలులో కడిగి, ఆరబెట్టి, పల్చటి నూనె ఒక్క చుక్క వేసి నన్ను బిగించింది. కర్రకు తగిలించి, గిన్నె కదలకుండా పూర్తిగా బిగించి, నా దారానికి నీళ్ల బకెట్టు కట్టి ఎత్తింది. పిడి వదిలేసింది. బకెట్టు గాల్లో వేలాడింది. నేను వెంట్రుకవాసి కదల్లేదు. డాక్టరు ఎడమచేత్తో పిడిని వెనక్కి నెట్టాడు. పళ్లు బిగించి మళ్లీ నెట్టాడు. ఊహూఁ. ఆ క్షణాన నా అంత గర్వంగా ఈ రేవులో ఓడలు కూడా నిలబడి ఉండవు.

"రీలు మంచిదే" అని మాస్టారు రాసుకున్నాడు. "ఎంపికా మంచిదే. బోర్డు దించక్కర్లేదు. కానీ ఆ గ్రీజు పెట్టిందెవరో పేరు రాయాలి."

"ఎవరేమిటండీ?" అన్నాడు డాక్టరు. "మా డ్రైవరు ఇచ్చింది ఈ షాపులోనే. ఇక్కడ రీలు విప్పే చెయ్యి ఈవిడదొక్కటే కదా!"

అందరూ ఆమెనే చూశారు. బోర్డు మిగిలినా, చెయ్యి తప్పు చేసిందంటే ఇక బాగుచెయ్యమని ఆమెకు రీలు ఎవరిస్తారు?

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. పైడితల్లి ఇంతవరకూ భర్త పేరు పలకలేదు. వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు పలకరు. జనాభా లెక్కలవాడు వస్తే వీధిలోకి తీసుకెళ్లి, కర్రతో దుకాణం బోర్డు మీద ఆయన పేరు అక్షరాలు చూపించింది. బ్యాంకు గుమాస్తా అడిగితే పక్కనున్నవాళ్ల చేత చెప్పించింది. అలమరలో ఉన్నన్నాళ్లూ నేనూ ఆ పేరు ఆమె నోట వినలేదు. అందుకే ఇంతసేపూ మీకూ చెప్పలేదు.

"సెప్పీవే" అన్నాడు ఆయన గుమ్మంలోంచి. గొంతు సగమే వచ్చింది. జనం మాటల్లో అది మాస్టారు దాకా చేరలేదు.

"పేరు చెప్పమ్మా. లేకపోతే నీదే రాస్తాను" అన్నాడు మాస్టారు.

ఆమె కొంగుతో వేలి గ్రీజు తుడుచుకుంది. చెయ్యి బోర్డు వైపు లేస్తుందనుకున్నాను. లేవలేదు. నా పిడి మీద ఆనింది. బరువంతా నా మీదే మోపింది. నేను కదలకుండా పట్టుకున్నాను. నా పని అదే కదా.

"రాసుకో మాస్టారూ. ఆయన ఇంజన్లకి దేవుడు. రీలుకి కాదు. నాను పెల్లికి ఎల్లినప్పుడు ఇప్పినాడు, మంచే సేద్దామనుకున్నాడు. తప్పు రీలుది కాదు, నా సేతిదీ కాదు."

"మరి పేరు?"

ఆమె గుమ్మం వైపు తిరిగి, మొగుడి కళ్లలోకి సూటిగా చూసి, వీధిలోకి కూడా వినబడేలా అంది.

"ఎల్లాజీ."