మూడోసారి అడిగితే

రత్నగిరి మీద వ్రతం పూర్తయి మెట్లు దిగుతుంటే నాగదుర్గ ఫోన్ మోగింది. ఒక చేతిలో ప్రసాదం పొట్లం, భుజం మీద నిద్రపోతున్న ఆరేళ్ళ సాయిదుర్గ. పిల్లనీ పొట్లాన్నీ భర్త ఉదయభాస్కర్‌కి అందించి పక్కకి జరిగింది.

గల్ఫ్‌లో ఒక దేశంలోని మన రాయబార కార్యాలయంలో, ఎవరు ఎక్కడ పనిచెయ్యాలో చూసే ఆఫీసరు ఆమె. యుద్ధం మొదలయ్యాక అక్కడి విమానాశ్రయం మూసేశారు. మనవాళ్ళంతా ఎడారి దారిన సరిహద్దులకి చేరుతుంటే, దిక్కూమొక్కూ లేని ఆ చోట్లన్నిటికీ ఆఫీసర్లని సర్దాల్సి వచ్చింది. ఉన్నది గుప్పెడు మంది. నిద్రలో కూడా వాళ్ళ పేర్లే అటూ ఇటూ మార్చుకునేది. ఎట్టకేలకు వారం సెలవు దొరికితే, ఆ ఎడారి దారినే పక్క దేశానికొచ్చి విమానం ఎక్కి, మొన్ననే ఇల్లు చేరింది.

ఫోన్ చేసింది రాయబారి గారు. దక్షిణపు సరిహద్దు శిబిరంలో ఉన్న ఆఫీసరుకి కామెర్లట. సాయంత్రంలోగా ఇంకో పేరు చెప్పమన్నారు. తెలుగు వచ్చినవాళ్ళే కావాలన్నారు.

ఎందుకో ఆమెకి తెలుసు. ఆ శిబిరానికి వచ్చేది ఎక్కువగా కోనసీమ నుంచీ నరసాపురం వైపు నుంచీ ఇళ్ళలో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు. మొదట్లో ఉత్తరాది ఆఫీసరొకాయన వాళ్ళని తిన్నారా, ఏమైనా కావాలా అని అడిగాడు. తిన్నామండి, ఏం వద్దండి అన్నారు. ఆయన నిజమే అనుకున్నాడు. మర్నాడు ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోయారు. అడగ్గానే పెట్టండి అంటే ఆబ అనుకుంటారని మనవైపు మొహమాటం. ఆ సంగతి తెలిసిన రావులపాలెం కుర్రాడు వినయ్‌ని పంపితే, మూడేసి సార్లు అడిగి, బతిమాలి తినిపించాడు.

జబ్బుపడ్డ ఆయన కాక, ఆఫీసులో ఇక తెలుగువాళ్ళు ఇద్దరే, వినయ్, తను. వినయ్ ఇప్పటికే రెండు విడతలు వెళ్ళొచ్చాడు. మిగతావాళ్ళు వెళ్ళమంటే సాకులు చెబుతారు. వినయ్ చెప్పడు. అందుకే ప్రతిసారీ ఆమె నోటికి ముందు వచ్చేది అతని పేరే.

ఇప్పుడూ అతనికే చేసింది.

“అలాగేనండి,” అన్నాడు, ఆమె మాట పూర్తికాకుండానే. “బండి ఎన్నింటికండి?”

“ఇబ్బందేం లేదు కదా?”

“అబ్బే, లేదండి.”

ఇంతకుముందు రెండుసార్లూ అక్కడితోనే ఫోన్ పెట్టేసింది. ఈసారి మెట్టు మీద కూలబడి మళ్ళీ అడిగింది. లేదండి అన్నాడు, కాస్త ఆగి.

“చూడు వినయ్, మాది పెరవలి. గోదావరి దాటితే మీ ఊరే. నా దగ్గర మొహమాటం దేనికి? మూడోసారి అడుగుతున్నాను, ఇంట్లో ఎలా ఉంది?”

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది.

“ప్రసన్నకి తొమ్మిదో నెలండి. విమానాలు ఆగిపోయాక పుట్టింటికి పంపలేకపోయాను. సైరన్ మోగితే మెట్లు దిగలేకపోతోందండి.”

“ముందే చెప్పొచ్చుగా?”

“మీరు ఇన్నిసార్లు అడగలేదు కదండి.”

భార్య దగ్గరే ఉండమని చెప్పి పెట్టేసి, వినయ్‌ని పంపడం కుదరదని రాయబారి గారికి చెప్పింది. అయితే మీరే సెలవు తగ్గించుకుని నేరుగా శిబిరానికి వెళ్ళగలరా, ఇబ్బంది లేదుగా అని ఆయన ఇంగ్లీషులో ఒక్కసారే అడిగారు. ఇబ్బందేం లేదంది.

ఉదయభాస్కర్‌కి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఎప్పుడు?”

“రేపు పొద్దున్న.”

“ఓపికుందా నీకు?”

“ఉంది.”

“నిజంగా?”

“ఉందండి.”

మూడోసారి అతను అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో ఇద్దరికీ తెలుసు. పిల్లని ఆమె ఒళ్ళో పడుకోబెట్టాడు. పొట్లం విప్పి, పొద్దుట్నుంచీ ఉపవాసం ఉన్నావు, ముందు తిను అన్నాడు.

వద్దనకుండా, మొదటిసారికే చెయ్యి చాచింది.