ఏం కాలేదమ్మా

మూడో ఐసు దిమ్మకి గోనెపట్టా చుట్టి, పాత ట్యూబు ముక్కతో మోపెడు బండి వెనక బిగించి కట్టాక, ఐసాయన దాన్ని అరచేత్తో రెండుసార్లు తట్టాడు, పసిపిల్లని జోకొట్టినట్టు. ఐసు ఫ్యాక్టరీ ముందు నేల ఎప్పుడూ తడే. ఆ తడిలో నిలబడీ నిలబడీ ఆయన కాలివేళ్లు ముడతలు పడిపోయాయి. పొట్టి మనిషి. దిమ్మలు మోసీ మోసీ ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి దిగిపోయింది. పెళ్లైన కొత్తలో భార్య, "తిన్నగా నిలబడవయ్యా, ఫొటోలో పక్కకి ఒరిగిపోతున్నావు" అని పడీపడీ నవ్వేది. ఆయనా నవ్వి, ఇంకాస్త ఒరిగేవాడు.

అదొక రకం మనిషిలెండి. తన పెళ్లిలో తానే కుర్చీలు సర్దాడు. బస్సులో ఎవరైనా కాలు తొక్కితే, వాళ్లు నోరు తెరవకముందే "పర్వాలేదండీ" అనేవాడు. తన వల్ల ఎవరికీ ఇబ్బంది కలగకూడదు, అంతే. ఆ ఒక్కటీ చాలనుకున్నాడు బతకడానికి.

హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాడు. ఐసుతో పెట్టుకున్నవాడికి నిదానం కుదరదు. ఎండెక్కితే సరుకు చూస్తుండగానే నీళ్లైపోతుంది.

మందుల షాపు పక్కసందులోంచి ఒక కారు ఉన్నట్టుండి బయటికొచ్చింది. వేగమేమీ లేదు. ముందు చక్రానికి తగిలింది. బండి మెలితిరిగింది, హ్యాండిల్ కొస ఆయన ఎడమ డొక్కలో గుచ్చుకుంది, మనిషి రోడ్డు మీద పడ్డాడు. దిమ్మలు గోనెపట్టాలతో సహా జారుకుంటూ వెళ్లి కాలువ గట్టు దగ్గర ఆగాయి.

పడ్డవాడు పడ్డచోట కాసేపు ఉండొద్దూ? ఊపిరి తీసుకుని, ఎక్కడ నొప్పి, ఎక్కడ తిమ్మిరి అని చూసుకోవద్దూ? ఆయన చటుక్కున లేచాడు. వెనక ఆగిన బళ్లవాళ్లకి చెయ్యెత్తి, "ఒక్క నిమిషమండీ, తీసేస్తున్నా" అంటూ బండి లేపి పక్కకి నెట్టాడు. తర్వాత ఐసు కోసం పరుగెత్తాడు.

కారు నడిపినామె దిగింది. పరుగున దగ్గరికొచ్చింది.

"తప్పు నాదేనండీ. చూసుకోలేదు. ఎక్కండి, ఆసుపత్రికి వెళ్దాం."

"ఏం కాలేదమ్మా. హెల్మెట్ ఉందిగా."

"హెల్మెట్ నెత్తికయ్యా, మిగతా ఒంటికేదీ?" అన్నాడు చూడ్డానికి చేరినవాళ్లలో ఒక లావుపాటాయన. "అలా కూర్చో. అంబులెన్సుకి ఫోన్ కొడతా."

"అది వచ్చేసరికి నా ఐసు కాలువలో ఈదుతూ ఉంటుంది బాబూ."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతోనే అందరి భయమూ పోయింది. కారామెకి మాత్రం పోలేదు. ఫోన్ నంబరు అడిగింది, ఆయన ఇవ్వలేదు. ఏడుస్తుంటే ఆయనే ఓదార్చాడు. "ఊరుకోండమ్మా, కాస్త నీళ్లు తాగి వెళ్లండి. చేతులు వణుకుతుంటే బండి నడపకూడదు."

చేపల కొట్టు దగ్గర దిమ్మని భుజానికెత్తుకున్నప్పుడు లోపల ఎక్కడో కలుక్కుమంది. పళ్ల బిగువున ఆ కొట్టుకివ్వాల్సిన రెండూ దించాడు. కొట్టామె ఆయనకన్నా పెద్దది, నోరు మహా పెద్దది.

"ఏం తమ్ముడూ, ఇవాళ నన్ను ముట్టుకోకు. నీ చెయ్యి తగిలితే నా చేపలకి కూడా జలుబు చేస్తోంది." అని, మొహం చూసి ఆగింది. "అదేంటి, పెదాలు అలా పాలిపోయాయి?"

"చిన్నగా పడ్డానక్కా. కారు తగిలింది."

"కారు తగిలితే చిన్నగా ఏంట్రా! డాక్టరుకి చూపించావా?"

"ఏమని చూపించను? రక్తం కూడా రాలేదు."

"రక్తం బయటికే రావాలా ఏంటి? పో ముందు. ఆ మూడోది ఇక్కడ దించి పో, జ్యూసు కొట్టువాణ్ణి నేను పిలుస్తా."

ఆమె కేకలు పడలేక వెళ్లాడు. ఆసుపత్రిలో బల్లల నిండా జనం. కౌంటరు దగ్గర అమ్మాయి తలెత్తి, "ఏమైందండీ?" అంది.

అప్పుడు చెప్పి ఉంటే సరిపోయేది. పడ్డాను, డొక్కలో గట్టిగా తగిలింది, భుజం లాగుతోంది, ఒకటే దాహంగా ఉంది. ఇంత మాట. కానీ ఆయన వెనక ఒకావిడ, జ్వరంతో మూలుగుతున్న బిడ్డని భుజాన వేసుకుని నిలబడింది. వెనక్కి తిరిగి చూశాడు. బతుకంతా అలవాటైన మాటే నోటికొచ్చింది.

"ఏం కాలేదమ్మా. ఈవిణ్ణి చూడండి ముందు."

పక్కకి జరిగాడు. కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. దెబ్బ కూడా లేనివాణ్ణి, వీళ్లందరి మధ్యా నేనెందుకు అనుకున్నాడు. బయటికొచ్చి బండి తీశాడు.

ఆ వేళప్పుడు ఇంటికి రావడం చూసి భార్య ఆశ్చర్యపోయింది. "ఏం, ఐసు ఫ్యాక్టరీ కూడా కరిగిపోయిందా?"

ఆయన నవ్వబోయాడు. చొక్కా విప్పి ఆమెకిచ్చాడు. "గుండీ ఊడింది చూడు." నీళ్లు అడిగి తాగాడు, మళ్లీ అడిగి తాగాడు, మంచం మీద వాలాడు.

"భుజం లాగుతోందే."

"ఎప్పుడు లాగలేదు గనక!" అంటూనే పక్కన కూర్చుని ఎడమ భుజం నొక్కింది. రోజూ నొక్కే భుజమే. "ఏం చేశావు ఇవాళ?"

"పడ్డాన్లే, చిన్నగా."

"పడ్డావా! ఎక్కడ తగిలింది? ఏదీ, చూడనీ."

"ఏం కాలేదే. కాసేపు పడుకోనీ."

ఆయన చెయ్యి అందుకుంది. చల్లగా, చెమ్మగా ఉంది. కాపురానికొచ్చిన రోజు నుంచీ ఆ చెయ్యి చల్లగానే ఇంటికొచ్చేది. వేసవిలో దాన్ని చెంపకి ఆనించుకుని "నాకు పంకా ఎందుకు" అనేది. ఇవాళా ఆనించుకుంది. హాయిగా ఉంది. మెల్లగా ఆయన గుండెల మీద పెట్టేసి, సూదీ దారం తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

సరిపోయే గుండీ వెతికి, రెండు పోగులు వేసింది. అప్పుడు కనబడింది, గుండీ ఊడిన చోటికి కాస్త పక్కగా, చొక్కా మీద నల్లటి గుండ్రటి అచ్చు. హ్యాండిల్ రబ్బరు అచ్చు. గుడ్డ అక్కడ అరిగి పలచబడింది.

"ఏమయ్యా, ఇక్కడింత గట్టిగా తగిలిందా?"

ఆయన పలకలేదు.

"నిన్నే. చిన్నగా పడ్డానన్నావుగా?"

ఆమె గొంతుకి ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. ఎవరో ఆటో తెచ్చారు. ఆసుపత్రిలో ఇందాకటి అమ్మాయే గుర్తుపట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్కటెముకల కింద లోపల్లోపలే రక్తం కారిపోయిందని డాక్టరు చెప్పాడు. "పడగానే తీసుకొచ్చి ఉంటే..." అని, ఆమె మొహం చూసి మిగతా మాట మింగేశాడు.

ఇంట్లో తలుపు తీసే ఉంది. కిటికీ దగ్గర నేలమీద చొక్కా పడి ఉంది, రెండు పోగుల మీద వేలాడే గుండీతో, ఆ గుండీకి ఇంకా తగిలించే ఉన్న సూదితో.