వియ్యంకుల విమానం

రెండు విమాన సంస్థలు కలిసి తయారు చేయబోయే చిన్న జెట్‌కు ముందుగా చెక్కతో నమూనా క్యాబిన్ నిలబెట్టారు. అదనంగా ఆరు సీట్లు ఇరికించడానికి అత్యవసర ద్వారం ముందున్న దారిని కుదించారు. తొంభై సెకన్లలో అందరూ బయటపడితేనే, భద్రతా పరీక్షాధికారిగా నేను సంతకం చేయాలి.

ఆ సంస్థల డైరెక్టర్లిద్దరినీ కార్మికులు వియ్యంకులనేవారు. ఒప్పందం కుదిరిన నాటి నుంచి ఒకరి తప్పును మరొకరు కప్పిపుచ్చడమే వారి మర్యాద.

పరీక్ష కోసం ప్రయాణికులుగా కూర్చోబెట్టిన వారి జాబితా తెరిచి చూశాను. నిబంధన ప్రకారం తప్పనిసరిగా ఉండాల్సిన వయసు మళ్లినవారి కోటాలో కూర్చున్న వాళ్లంతా పరుగు పందేల క్లబ్బు సభ్యులు. ఎనభై ఒక్క సెకన్లలో క్యాబిన్ ఖాళీ అయింది. చప్పట్లు మోగాయి.

"ఇంకేం మేడమ్, సంతకం పెట్టేయండి," అన్నాడు పెద్ద వియ్యంకుడు.

"ఇంకోసారి చేద్దాం. ఈసారి మీరిద్దరూ కూర్చోండి."

కాదనలేక ఎక్కారు. గంట మోగగానే ఇద్దరి బొజ్జలూ ఆ ఇరుకు దారిలో ఒకేసారి చిక్కుకున్నాయి.

"బావగారూ, కాస్త జరగండి!"

"నన్ను తోస్తారేంటి? మీరే వెనక్కి వెళ్లండి!"

వాళ్ల వెనుక ముప్పై మంది నిలిచిపోయారు. చివరి మనిషి బయటికి వచ్చేసరికి నూట ముప్పై నాలుగు సెకన్లు.

చిన్న వియ్యంకుడు చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "దీన్ని లెక్కలోకి తీసుకోకండమ్మా. మేమెందుకు ఎక్కుతాం ఇలాంటి విమానం?"

సంతకం చేయవలసిన చోట అడ్డగీత గీశాను. తిరస్కరణకు కారణం రాయవలసిన గడిలో, ఒక్క అక్షరమైనా మార్చకుండా, ఆయన చివరి వాక్యాన్నే రాశాను.