అత్తయ్య తొడ కొలత

మామయ్య నలభై ఏళ్ళు దర్జీపని చేసిన మనిషి. కొలిస్తే గాని ఏదీ నమ్మరు. అత్తయ్య నిమోనియాతో ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు, ఇంటికొచ్చాక నెలా పదిరోజులు మంచానికే అతుక్కుపోయేసరికి, కాళ్ళు ఎక్కడ చిక్కిపోతాయోనని ప్రతి ఆదివారం టేపు పట్టుకొచ్చి ఆవిడ తొడ చుట్టూ కొలిచేవారు.

"పందొమ్మిదిన్నర. పోయినవారం కంటే పావంగుళం ఎక్కువే."

"జాకెట్టు కుట్టమంటే ఏళ్ళ తరబడి రేపు మాపు అన్నారు. ఇప్పుడు పిలవకుండానే వస్తున్నారు," అనేవారు అత్తయ్య.

నా ధ్యాస టేపు మీద లేదు. అక్క వారం రోజులు రమ్మంది. ఏం చేయిస్తావే అంటే, "ఏమీ చేయించను, వచ్చి పడుకో," అంది. ఈ ఏడాదిలో నాతో ఎవరూ ఇంత మంచిమాట అనలేదు. కాని అత్తయ్య మంచం దిగాలన్నా, బాత్రూములో లేవాలన్నా నా చెయ్యి ఉండాల్సిందే. మామయ్యకి డెబ్భై ఎనిమిది. మా ఆయనది నడుము నొప్పి, బరువు కంటపడితే చాలు వచ్చేస్తుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి వరసగా ఐదుసార్లు లేస్తే ఇక మనిషి తోడు అక్కర్లేదని ఇంటికొచ్చి చూసే ఫిజియోథెరపిస్టు చెప్పింది. ఆ ఐదుసార్లలోనే నా నిద్ర ఉంది.

గురువారం ఆ అమ్మాయి వచ్చి కుర్చీని గోడకి ఆనించింది. అత్తయ్య చేతులు గుండెల మీద కట్టుకుని ముందుకి వంగారు. ఒక్కసారి కూడా లేవలేకపోయారు.

"కొలత పెరిగిందమ్మా, నేనే చూశాను," అన్నారు మామయ్య, గుడ్డ పొట్టిదని గొడవకొచ్చిన గిరాకీతో మాట్లాడినట్టు.

"టేపుకి కండేదో కొవ్వేదో నీరేదో తెలీదండీ. కండలో సన్నటి పోగులుంటాయి. మంచంలో ఉంటే అవి ఇంకా సన్నబడతాయి, మధ్యలో కొవ్వు చేరుతుంది. పైకి అంతే లావు కనిపిస్తుంది. బలం మాత్రం లావు కంటే ముందే పోతుంది."

"గుడ్డ పన్నా తగ్గలేదు, నేత పలచబడింది," అన్నారు మామయ్య నెమ్మదిగా.

ఆ అమ్మాయి నావైపు తిరిగింది. "రోజుకి ఎన్నిసార్లు లేపుతారు?"

"పదీ పన్నెండు."

"చంకలో చెయ్యేసి ఎత్తేస్తారు కదూ. అంటే వ్యాయామం మీరు చేశారు. బలం ఆవిడ కాళ్ళకి రమ్మంటే ఎలా వస్తుందండీ?"

నేనేమీ ప్రేమ పట్టలేక ఎత్తలేదు. ఎత్తితే అరనిమిషంలో అయిపోతుంది. ఆవిడంతట ఆవిడ లేచేదాకా ఆగితే పొయ్యి మీద ఏదో ఒకటి మాడుతుంది. ఈ సంగతి ఆ అమ్మాయికి చెప్పలేదు.

మర్నాటినుంచి కుర్చీలో రెండు దుప్పట్లు మడిచి వేసి ఎత్తు పెంచాం. పూటకి పదిసార్లు లేవాలి. వారం వారం ఒక్కో మడత తగ్గించాలి. గుడ్లూ పాలూ మానకూడదు. నా పనల్లా ఎదురుగా కూర్చుని చెయ్యి వెయ్యకుండా ఉండటం. ఇంటెడు బట్టలు ఉతికిన రోజున కూడా నేను అంత అలసిపోలేదు.

"ఏమిటలా చూస్తావు, సినిమానా?" అన్నారు అత్తయ్య మూడోరోజు, ఆయాసపడుతూ.

"టికెట్టు కొన్నాను అత్తయ్యా. అయ్యేదాకా కదలను."

"ఒక్క చెయ్యి వెయ్యవే. ఎవరు చూడొచ్చారు?"

"వేస్తే నేను అక్క దగ్గరికి వెళ్ళలేను."

"ఓహో, అదా సంగతి."

ఆ పూట రెండుసార్లు ఎక్కువే లేచారు. తన పట్టుదలో, నన్ను సాగనంపాలన్న ఉత్సాహమో అడగలేదు.

ఐదు వారాలకి దుప్పట్లన్నీ పోయాయి. ఫిజియో మళ్ళీ పరీక్ష పెట్టింది. అత్తయ్య నాలుగుసార్లు లేచారు. ఐదోసారి సగంలో మోకాళ్ళు వణికాయి. నా చెయ్యి దానంతటదే ముందుకి పోయింది. దాన్ని వెనక్కి లాక్కుని దానిమీదే కూర్చున్నాను. అత్తయ్య కుర్చీలో కూలబడ్డారు.

"నాలుగు. ఇంకో రెండు వారాలు చూద్దామండీ," అంది ఆ అమ్మాయి.

అత్తయ్య చెమట తుడుచుకున్నారు.

"వరసగా ఐదుసార్లు లేవాల్సిన అవసరం నాకెందుకొస్తుందమ్మా? బాత్రూములో ఒక్కసారి లేస్తే చాలదూ?"

"అయితే వెళ్ళి రండి. మేం లోపలికి రాం," అంది ఆ అమ్మాయి.

అత్తయ్య గోడ పట్టుకుని వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. మేం ముగ్గురం బయట నిలబడ్డాం. లోపల చప్పుడు లేదు. మామయ్య రెండుసార్లు తలుపుదాకా వెళ్ళబోయారు, నేను చొక్కా పట్టుకుని ఆపాను. చివరికి నీళ్ళ శబ్దం వినిపించింది. తలుపు తెరుచుకుంది.

"ఇంటిల్లిపాదికీ ఇక్కడే పనిబడిందా?" అన్నారు అత్తయ్య.

ఫిజియో ఆలోచించి, వారం వద్దు, నాలుగు రోజులకి ఒప్పుకుంటానంది. నేను బేరమాడలేదు. బేరానికి కూడా ఓపిక కావాలి. మర్నాడు పొద్దున బస్సెక్కి కిటికీకి తల ఆనించాను. కండక్టరు భుజం తట్టేసరికి అక్క వాళ్ళ ఊరు దాటి మూడు స్టాపులు వచ్చేశాను.