జమ్మలమడుగు గాలి

ప్రొద్దుటూరులో నాకో బట్టల అంగడి ఉంది. నా పేరు బాలకృష్ణయ్య. ఆడవాళ్ళు చీర అంచు చూపించమంటే నేను గుమ్మంలోంచి ఆకాశం అంచు చూస్తుంటానని మా ఆవిడ సుబ్బలక్ష్మమ్మ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఊరంతా చాటింపు వేయాల్సిన పనేముందని నా బాధ. మనిషన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుంది. కొందరికి పేకాట, కొందరికి రాజకీయం. నాకు మబ్బులు. మిద్దె మీద వాన కొలిచే గాజు గొట్టం పెట్టుకున్నాను, గాలి ఎటు నుంచి వీస్తుందో చెప్పే రేకు కోడిని పెట్టుకున్నాను. ఫోనులో రాడార్ బొమ్మ చూడందే నాకు కాఫీ దిగదు.

నాలాంటి వాళ్ళం కొంతమందిమి కలిసి వాట్సాప్‌లో ‘ఉరుము’ అని ఒక గ్రూపు పెట్టుకున్నాం. జిల్లాలో ఎక్కడ గాలివాన పడినా అందులో పండగే. పడిన స్తంభాలు, ఎగిరిన రేకులు, నల్లటి మబ్బులు, అన్నిటికీ ఫోటోలు. ప్రతి గాలివానకూ మార్కులు వేస్తాం. మార్కుల దగ్గర గొడవపడని రోజు లేదు. ఆ గొడవల్లో సగం జమ్మలమడుగు షఫీవే.

షఫీకి అక్కడ షామియానాల అంగడి ఉంది. పెళ్ళిళ్ళకు పందిళ్ళు వేస్తాడు. ఆకాశంలో ఎక్కడ ఉరిమినా అది జమ్మలమడుగు గాలే అంటాడు. ప్రొద్దుటూరులో చెట్టు కూలినా సరే, ఆ గాలి పుట్టింది వాళ్ళ ఊళ్ళోనే. ఒకసారి వలీమా పెళ్ళి విందులో అతని షామియానా గాలికి లేచిపోయింది. మొదట్లో ఆ కథ చెప్పినప్పుడు అది బస్టాండు దగ్గర పడింది. తర్వాత పెన్న దాటింది. ఇప్పుడు గండికోట లోయలో పడిందంటున్నాడు. ఇంకో రెండేళ్ళు ఆగితే తాడిపత్రి చేరుతుంది. నేను ఎదురు చెబితే, బట్టలు మడతపెట్టుకునే శెట్టికి గాలి సంగతేం తెలుసని నన్నే ఎగతాళి చేస్తాడు. ఒళ్ళు మండుతుంది. అయినా అతని ఫోను రాని రోజు నాకు తోచదు.

ఈ గ్రూపులోకి పోయిన వేసవిలో ప్రశాంతి వచ్చింది. పులివెందుల పక్కన లింగాల దారిలో వాళ్ళకు అరటి తోట ఉంది. భర్త వివేక్ తుమ్మలపల్లె గనిలో పని చేస్తాడు. తోట పని అంతా ఆ అమ్మాయిదే. ఆ రోజు పడిన గాలివానకు మేమంతా మంచి మార్కులు వేసి, మబ్బు ఎంత అందంగా చుట్టలు తిరిగిందో చెప్పుకుంటున్నాం. ఎవరి ద్వారానో గ్రూపులో చేరిన ఆ అమ్మాయి ఒక ఫోటో పెట్టింది. గెలలతో సహా తోట తోటంతా నేలకు పడుకుని ఉంది. కింద ఒకే మాట రాసింది, ఇది కూడా ఆ మబ్బేనని.  ఆ అమ్మాయి వెళ్ళిపోతుందనుకున్నాం. వెళ్ళలేదు. మరుసటి రోజే, అలాంటి మబ్బు మళ్ళీ వస్తే ముందే ఎలా కనిపెట్టాలని అడిగింది. నేర్పడానికి నేనూ షఫీ పోటీలు పడ్డాం. ఏడాది తిరిగేసరికి మబ్బు పేర్లు మాకంటే బాగా చెబుతోంది.

ఈ ఏడు మే నెల, కృత్తిక కార్తెలో ఒక ఆదివారం నన్నూ షఫీనీ తోటకు భోజనానికి పిలిచింది. తోట మళ్ళీ నిలబడింది, గెలలు దిగాయి, వచ్చే వారం కోత, ఆలోగా వచ్చి చూడమంది. అంగడి ఎవరు చూస్తారని సుబ్బలక్ష్మమ్మ అడిగింది. నేను ఉన్నప్పుడు మాత్రం చూస్తున్నానా అన్నాను. 

నేను బస్సులో పోయాను. షఫీ తన చిన్న లారీలోనే వచ్చాడు. ముందురోజు వేంపల్లెలో పెళ్ళి పందిరి వేశాడట, అది విప్పుకుని గుడ్డలు, మోకులు, నేలలో దిగగొట్టే ఇనుప గూటాలు అన్నీ లారీలో వేసుకుని సరాసరి ఇటే వచ్చేశాడు. రాగి సంగటి, శనక్కాయల చట్నీ, వంకాయ కూర. నేను తిన్నంత తిని సిగ్గుపడకుండా ఇంకో ముద్ద వేయించుకున్నాను. తోట చూస్తే కడుపు నిండిపోయింది. ఒక్కో చెట్టు మనిషికి రెండింతల ఎత్తు, ఒక్కో గెల చంటిపిల్లాడంత బరువు.

తింటూ పాత గాలివానల గురించి మాట్లాడుకున్నాం. షఫీ షామియానా ఆ రోజు గండికోట కూడా దాటింది. ప్రశాంతి పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక, పోయిన ఏడాది తోట ఎలా పడిందో చెప్పింది. ఉత్తరం వైపు బయలు. గాలి మొదట అంచు సాలును, అంటే ఆ చివరి వరుస చెట్లను పడగొట్టింది. అది రెండో సాలు మీద పడింది, రెండోది మూడో దాని మీద. లోపలి చెట్లు గాలికి కాదు, పక్క చెట్ల బరువుకు పడ్డాయి. ఊతకర్రలు ఏవీ ఆపలేదట.

“ఈ తూరి గూడా పడితే ఇంగ మేమీడ ఉండం మామా,” అంది చెయ్యి కడుక్కుంటూ. “భూమి గుత్తకిచ్చి తుమ్మలపల్లెకు పోదామని ఆయన, ఈ ఒక్క పంట చూద్దామని నేను. సరే, ఇదే ఆఖరనుకున్యాం.”

నవ్వుతూనే చెప్పింది. కానీ చేతులు కడగడం అయిపోయినా చెంబు కింద పెట్టలేదు. ఈ తోటలో అరటి పిలకలు ఒక్కొక్కటీ తన చేత్తో నాటింది ఆ అమ్మాయి. తోట పోయినా వాళ్ళ ఇల్లు గడవకపోదు, వివేక్ జీతం ఉంది. పోయేది ఆ అమ్మాయి ఇష్టపడిన పని. 

అలవాటు కొద్దీ ఫోనులో రాడార్ బొమ్మ చూశాను. జమ్మలమడుగు పైన గాలివాన మబ్బును చూపే ఎర్రటి మచ్చ ఒకటి పుట్టింది. కదిరి వైపు ఇంకోటి. పొద్దున లేనివి రెండూ. మామూలు రోజైతే నేనూ షఫీ ఎగిరి గంతేసేవాళ్ళం. నాది నాదని కొట్టుకునేవాళ్ళం. ఆ రోజు ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రెండూ అటే కరిగిపోతే బాగుండునని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను. కరగలేదు. ఉత్తరాన మబ్బు గోపురంలా లేచింది.

షఫీ లారీ వైపు చూశాడు. పందిరిని గాలికి నిలబెట్టే మోకులు అరటిచెట్లను నిలబెట్టవా అన్నాడు. చెట్ల మెడలను ఒకదానికొకటి కలిపి కట్టి, సాలు చివర్లలో గూటాలు దిగగొడితే, ఒక సాలు పడినా వెనక సాలు దాన్ని మోస్తుందట. కానీ ఉన్న మోకులు ఒక వైపుకే వస్తాయి. మబ్బులు చూస్తే రెండు వైపులా ఉన్నాయి. గాలి ఉత్తరం నుంచి వస్తుందా, దక్షిణం నుంచా? తప్పు వైపు కట్టామా, అంతే సంగతులు.

నేను దక్షిణం అన్నాను. కదిరి మచ్చ దగ్గరగా ఉందని నా వాదన. షఫీ ఆకాశం చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

“శెట్టీ, ఎప్పుడూ నీతో కొట్లాటకు చెప్తాంటి. ఇది నిజంగా మా ఊరిదే. చూడు, కదిరిది పలచబడిపోతాంది. మాది ఇంగా లేస్తానే ఉండాది.”

మళ్ళీ ఫోను చూశాను. నిజమే. దక్షిణం మచ్చ రంగు మారి పసుపులోకి దిగింది. ఇన్నేళ్ళుగా షఫీ మాట ఒప్పుకోవడం నాకు చేదు మందు మింగినట్టుంటుంది. ఆ రోజు గుటుక్కున మింగాను.

“నీదేలేప్పా. మోకులు దించు,” అన్నాను.

ఇక పని మొదలైంది. షఫీ గూటాలు దిగగొడుతున్నాడు. ప్రశాంతి నిచ్చెన వేసుకుని చెట్ల మెడలకు మోకు చుడుతోంది. నేను నిచ్చెన పట్టుకుని, ఖాళీ దొరికినప్పుడల్లా ముడి వేస్తున్నాను. నేను వేసిన మొదటి ముడి షఫీ ఇట్టే లాగి ఊడదీశాడు. బట్టల మూటకు వేసే ముడి మరి, లాగితే ఊడాలి, లేకపోతే బేరానికి వచ్చినవాళ్ళ ముందు ఎంతసేపు విప్పుతాం? ఆ సంగతి అతనికి చెప్పే టైము లేదు. నోరు మూసుకుని పందిరి ముడి నేర్చుకున్నాను.

షామియానా వేసేటప్పుడు లోపలి మోకులు ముందు బిగించి, అంచు మోకులు చివర కడతారు. చేతికి అలవాటైన పద్ధతి కదా, షఫీ తోటలోనూ అలాగే మొదలుపెట్టించాడు. లోపలి సాళ్ళు అయ్యాయి. రెండో సాలు అయింది. ఉత్తరం అంచు సాలు ఒక్కటే మిగిలింది. తలా ఒక చెయ్యి వేస్తే అయిపోయే పని.

అప్పుడు వచ్చింది ఆ మబ్బు.

బయలు అవతల నేలకు ఆనుకుని, ఈ చివరి నుంచి ఆ చివరికి, చాప చుట్టినట్టు దొర్లుకుంటూ వస్తోంది. కింద ఎర్రటి దుమ్ము, పైన నీలం, మధ్యలో మెరుపులు. యాభై ఎనిమిదేళ్ళ నా బతుకులో అలాంటిది చూడలేదు. మోకు చేతిలోంచి జారి ఫోను చేతిలోకి ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. పక్కకు చూస్తే షఫీ సమ్మెట పక్కన పడేసి వీడియో తీస్తున్నాడు. తిడదామని పైకి చూస్తే, నిచ్చెన మీద ప్రశాంతి కూడా ఒక చేత్తో చెట్టు పట్టుకుని రెండో చేత్తో వీడియో తీస్తోంది. తోట ఆ అమ్మాయిది, పడితే బతుకు మారిపోయేది ఆ అమ్మాయికి, అయినా తీస్తోంది. బాగుపడే లక్షణాలు మా ముగ్గురిలో ఒక్కరికీ లేవు.

“మామా, అంచు కట్టలేదు,” అని ఆ అమ్మాయే ముందు తేరుకుంది.

అప్పటికే చల్లగాలి మొహానికి తగిలింది. ఇక కట్టే వీలు లేదు. నిచ్చెన వదిలేసి ముగ్గురం మోటారు కొట్టంలోకి పరిగెత్తాం. ఆ వెనకే గాలి వచ్చి పడింది. దుమ్ము, ఆకులు, తర్వాత వడగళ్ళు, ఆ తర్వాత వాన. బయట ఏమీ కనబడటం లేదు. అరటి ఆకులు చిరిగే చప్పుడు మాత్రం కొత్త గుడ్డ చింపినట్టు ఆగకుండా వినబడుతోంది. మధ్యలో ధడేల్‌మని ఏదో కూలింది. తర్వాత ఇంకోటి. ప్రశాంతి కొట్టం స్తంభం పట్టుకుని కళ్ళు మూసుకుంది. షఫీ పెదవులు దువా చదువుతున్నాయి. నేను గండి ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను, ఏం మొక్కుకున్నానో ఇప్పుడు గుర్తు లేదు, స్వామికి గుర్తుంటే చాలు.

గాలి వచ్చినంత వేగంగానే పోయింది. వాన సన్నబడింది. ముగ్గురం బయటికి వచ్చాం గానీ ముందుకు అడుగు వేసే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి ప్రశాంతే నడిచింది.

అంచు సాలు మొత్తం పడిపోయింది. ఒక్క చెట్టు నిలవలేదు. ఆ అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను వెనకే నిలబడ్డాను. అది గాలి తప్పే గానీ వీడియో తప్పు కాదని నేను ఇప్పటికీ వాదిస్తాను, అప్పుడు మాత్రం వాదించలేదు. ప్రశాంతి పడిన చెట్లను దాటుకుని వెళ్ళి ఆకులు పక్కకు తోసింది.

రెండో సాలు నిలబడి ఉంది. పడిన చెట్లు దాని మోకుల మీద వాలి, అక్కడే ఆగిపోయాయి. మోకులు బిగుసుకుని తీగల్లా ఉన్నాయి, గూటాలు కొంచెం వంగాయి. దాని వెనక మూడో సాలు. దాని వెనక తోటంతా. ఆకులు పీలికలయ్యాయి గానీ గెలలు చెట్లకే వేలాడుతున్నాయి. ప్రశాంతి ఒక్కో గెలనూ తడిమి చూసుకుంటూ లోపలికి పోతోంది. మధ్యలో ఎక్కడి నుంచో నవ్వు వినిపించింది. పెద్దగా, చిన్నపిల్లలా నవ్వుతోంది. షఫీ నా భుజం మీద ఒక్కటి చరిచాడు. నేను తిరిగి చరిచాను. ఇద్దరం ఆ బురదలో పెళ్ళికి వచ్చిన కుర్రాళ్ళలా గెంతాం. నా వయసు వాడు గెంతకూడదని ఎక్కడ రాసి ఉంది?

అంతలో వివేక్ వచ్చాడు. షిఫ్టు దిగుతూనే గాలి సంగతి విని మోటారుసైకిల్ మీద వానలోనే వచ్చేశాడట. ఒళ్ళంతా ముద్ద. గట్టు మీదే ఆగి, నేలకు వాలిన అంచు సాలును చూశాడు. అక్కడి నుంచి చూస్తే పడిన చెట్లే కనబడతాయి. ప్రశాంతి నవ్వు ఆగిపోయింది. మాట తప్పని మనిషట వివేక్, ఆ అమ్మాయీ అంతే. లోపలికి వచ్చి చూడమని చెప్పడానికి నేను నోరు తెరిచాను, షఫీ నా చెయ్యి గట్టిగా నొక్కాడు. వివేక్ చెప్పులు విడిచి తోటలోకి దిగాడు. చాలాసేపు కనబడలేదు. చెట్ల మధ్య అతని నడక చప్పుడు ఒక్కటే వినబడుతోంది. ఆ చివరి దాకా పోయి, తిరిగి వచ్చి, అంచు సాలు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పడిన చెట్టు మొదలు చేత్తో తుడిచాడు.

“పడినేటివి నరికేద్దాం,” అన్నాడు. “ఈ సాలుకు కొత్త పిలకలు రేపు నాటుదామా, ఎల్లుండా?”

 ప్రశాంతి ఆ బురదలోనే అతని పక్కన కూర్చుండిపోయింది. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

“రేపే,” అంది.