ఊయల దిగని సుకాంతి

కటక్‌లో ఏ నెలలో ఏం తినాలో తెలుసుకోవడానికి పంచాంగం అక్కర్లేదు, నన్నడిగితే చాలు. దసరాకి వెండి మండపాల ముందు దండం పెట్టుకున్నాక ఏ వీధి చివర మాంసం తినాలో, కార్తీకమంతా నోరు కట్టుకుని పున్నమి మర్నాడు చేపల బజారుకి ఎన్నింటికి చేరాలో, చలికాలంలో పసుపాకుల్లో ఉడికించే పిఠాలనే పిండివంటలు ఎవరింట్లో మెత్తగా వస్తాయో అన్నీ నాకు కంఠతా వచ్చు. చౌధురీ బజారులో ఈ గోలక్ బిహారీ మహాంతి బాగుందంటే బాగున్నట్టే. కోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేసి తీర్పులు రాయడం చూశాను గాని, నా నాలుక చెప్పే తీర్పు మీద మాత్రం ఇంతవరకూ ఎవరూ అప్పీలుకి వెళ్లలేదు. భువనేశ్వర్ వాళ్లు వచ్చి మా తిండికి వంకలు పెడితే నాకు ఒళ్లు మండుతుంది. పండగంటే ఆఫీసుకి సెలవు అనుకునే ఊరది.

అన్నిటిలోకీ నాకు ప్రాణం రజో పండుగ. తొలి వాన పడే వేళ భూదేవి మూడు రోజులు బయట చేరుతుంది. ఆవిడకి విశ్రాంతి కాబట్టి ఎవరూ నేల దున్నరు, తవ్వరు. ఆడవాళ్లకీ విశ్రాంతే. పొయ్యి దగ్గరికి పోరు, కూర తరగరు, ఒట్టి కాళ్లతో నేల తొక్కరు. కొత్త చీరలు కట్టి, కిళ్లీ బిగించి, ఊయలలూగుతూ పేకాడుకుంటారు. ఇక పొడొ పిఠా లేకపోతే అది రజో పండుగే కాదు. బియ్యం, మినప్పప్పు రుబ్బి, బెల్లం, కొబ్బరి ముక్కలు, అల్లం, మిరియాలు కలిపి, అరిటాకులో పెట్టి, పైనా కిందా నిప్పులతో నెమ్మదిగా కాల్చాలి. పొడొ అంటేనే కాలినది. లోపల మెత్తగా ఉండాలి, అంచు నల్లగా మాడాలి. ఆ మాడిన అంచు కోసం అన్నదమ్ములు మాటలు మానేసిన ఇళ్లు నాకు తెలుసు.

మా ఆవిడ సుకాంతి చేసే పొడొ పిఠా పేరు చెబితే మా వీధి వీధంతా లొట్టలేస్తుంది. అలాంటిది ఈ ఏడు పండుగ ఇంకా రెండు రోజులుందనగా, ఆవిడ నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమండీ, రజో ఎవరి పండుగ?"

"ఆడవాళ్లది. ఏ చంటిపిల్లనడిగినా చెబుతుంది."

"మరి ముందురోజు పిండి రుబ్బేదెవరు? కుంపటి దగ్గర కూర్చుని నిప్పులు ఎగదోసేదెవరు? మూడు రోజులకీ సరిపడా అన్నీ వండి పెట్టేదెవరు?"

"నువ్వే. నీ చేత్తో చేస్తేనే కదా ఆ రుచి."

"ముప్పై నాలుగేళ్లుగా వింటున్నా ఈ మాట. పొగిడి పని చేయించుకోవడం మీ కోర్టులో నేర్పారా? రేపే నేను ఊయలెక్కుతున్నా. పండుగ అయ్యేదాకా మీరే వండి నాకు పెట్టాలి. షరతు ఒక్కటే. వంట గురించి నన్ను ఒక్క ప్రశ్న అడక్కూడదు. ఉప్పెంత, పప్పెంత, గరిటెక్కడ, ఏదీ. అడిగారో, దిగొచ్చి నేనే చేసేస్తా. కానీ అదే ఆఖరు. ఇక ఈ ఇంట్లో పొడొ పిఠా ఉండదు."

నవ్వుతూ అనుంటే వేళాకోళం అనుకునేవాణ్ణి. ఆవిడ నవ్వలేదు.

మా అందరి వాకిళ్ల మధ్యా ఉన్న మామిడి చెట్టుకి మర్నాడే ఊయల కట్టారు. సుకాంతి అందులో కూర్చుంది. పక్కనే నులకమంచం మీద పేక ముక్కలతో కనక మౌసీ. ఆవిడకి ఎనభై ఒకటి, వీధిలో అందరికీ పిన్నే. పళ్లు లేవు గాని చెవులు మాత్రం పామువి. షరతు సంగతి తెలియగానే న్యాయమూర్తి పదవి తనంతట తనే తీసుకుంది.

వంటింట్లోకి వెళ్లాక తెలిసింది నా బతుకు. పదిహేడు డబ్బాలున్నాయి. సగం వాటి మీద పేరు లేదు, ఉన్నవాటి మీద అబద్ధం ఉంది. బిస్కెట్ల డబ్బాలో జీలకర్ర, టీపొడి డబ్బాలో మెంతులు, హార్లిక్స్ సీసాలో ఇంగువ. ముప్పై నాలుగేళ్లుగా ఈ గదిలో వండినవి తిన్నాను గాని, ఈ గదిలో ఏది ఎక్కడుంటుందో నాకు తెలియదు. బియ్యం దొరికేసరికి పది దాటింది.

మినప్పప్పు నానబోసి, చేతులు తుడుచుకుంటూ ఊయల దగ్గరికి వెళ్లి ఆకాశం వైపు చూశాను.

"ఈ మినప్పప్పు ఎంతసేపు నానాలో ఏమిటో, ఓ కాకీ, నీకేమైనా తెలుసా?"

"ఒరే గోలక్," అంది మౌసీ పేక మీద నుంచి కళ్లెత్తకుండా, "సుకాంతికి వినబడేలా కాకినడిగినా అది ప్రశ్నేరా. ఇదొక్కసారికీ ఒదిలేస్తున్నా. పో."

లోపలికొచ్చి సంబల్‌పూర్‌లో ఉన్న మా అమ్మాయి లిపికకి ఫోన్ చేశాను.

"నాన్నా, అమ్మ నిన్ననే చెప్పింది. పండుగ అయ్యేదాకా వంట విషయంలో నేను నీ కూతుర్ని కాదట. మిగతావన్నీ అడుగు. ఒంట్లో ఎలా ఉంది?"

"ఒళ్లంతా మినప్పిండే ఉందమ్మా," అని పెట్టేశాను.

ఆ మధ్యాహ్నం పాలు పొంగి మాడాయి. కిటికీలోంచి చూస్తే సుకాంతి ముక్కు అదిరింది. చేతిలో ముక్కలు పక్కన పెట్టేసి, ఊయలలోంచి ఒక కాలు చెప్పుల కోసం కిందికి చాపింది. దిగితే అంతే సంగతులు.

మౌసీ ఆవిడ కొంగు పట్టి లాగింది. "కూర్చోవే. మాడనీ."

"గిన్నె కూడా పోతుంది మౌసీ."

"పోనీ. గిన్నె కోసం పుట్టావుటే నువ్వు?"

సుకాంతి కాలు వెనక్కి తీసుకుంది. పని చేయకుండా కూర్చోవడం ఆవిడకి నా వంట కంటే కష్టంగా ఉందని నాకప్పుడు తెలిసింది. తెలిసీ నేను ఆలోచించింది గిన్నె గురించే, ఏం చెప్పను.

పిఠాకి మాత్రం నేను నా నాలుకనే నమ్ముకున్నాను. పిండి కలిపి వేలితో నాలుక మీద రాసుకుని కళ్లు మూసుకున్నాను. బెల్లం తక్కువ. మళ్లీ. మిరియం అందలేదు. మళ్లీ. నాలుగోసారికి కిందటేడు రుచి నోట్లోకొచ్చింది. రజో మొదటి రోజు మధ్యాహ్నమంతా కుంపటి ముందు కూర్చుని, మూత మీద నిప్పులు మారుస్తూ, చెమటలు కక్కుతూ కాల్చాను. కనుబొమ్మ ఒకటి కాస్త కాలింది. పొడొ పేరు అలా సార్థకమైంది.

రెండో రోజు సంక్రమణం. పొద్దున్నే పళ్లెం పట్టుకుని ఊయల దగ్గరికి వెళ్లాను. వీధిలో ఆడవాళ్లంతా మూగారు. ముక్కలు పంచాను. కాసేపు నములుతున్న చప్పుడే. ముందుగా మౌసీ నోరు విప్పింది.

"ఒరే, అచ్చం సుకాంతి చేసినట్టే ఉందిరా. చేతులు ఆవిడవి అరువు తెచ్చుకున్నావా?"

నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. అన్నిటికంటే బాగా మాడిన మూల ముక్క, ఇన్నేళ్లూ నా పళ్లెంలోకే వచ్చిన ముక్క, సుకాంతి చేతిలో పెట్టాను. ఆవిడ చిటికెడు తుంచి నోట్లో వేసుకుంది. మాత్ర మింగినట్టు మింగింది. మిగతాది మౌసీకిచ్చేసింది.

"ఏం, బాగాలేదా?"

"అడిగాడు!" అని అరిచింది మౌసీ.

"అది వంట ప్రశ్న కాదులే మౌసీ, వదిలెయ్," అంది సుకాంతి. తర్వాత నా వైపు తిరిగింది. "బానే ఉందండీ. అందరూ చెబుతున్నారుగా. నాకే పొడొ పిఠా పడదు."

"పడకపోవడమేంటి? ఎప్పట్నించి?"

"పుట్టినప్పట్నించీ. ఆ బెల్లం, మినప్పిండి కాలే వాసనకే నాకు కడుపులో తిప్పుతుంది."

"మరి ముప్పై నాలుగేళ్లుగా..."

"మీకిష్టం కదా."

కోపంగా అనలేదు. ఇవాళ మంగళవారం అన్నంత మామూలుగా అంది. మరి నీకేమిష్టం అని అడగబోయి నోరు తెరిచాను. మౌసీ వేలెత్తింది.

"ఇది మాత్రం వంట ప్రశ్నే."

గొడుగు తీసుకుని బయటపడ్డాను. చినుకులు పడుతున్నాయి. నడుస్తూ లెక్క వేసుకున్నాను. మా పెద్ద జడ్జిగారికి విరిగిన పాలతో కాల్చే మిఠాయి ఛెనాపొడో అంటే పిచ్చి. పోయిన మా స్నేహితుడికి రొయ్యల వేపుడు. ఎదురింటి పంతులుగారికి దొంగచాటుగా ఉల్లిపకోడీ. అన్నీ తెలుసు. సుకాంతి తింటున్నట్టు గుర్తు తెచ్చుకోబోతే ప్రతిసారీ ఆవిడ వడ్డిస్తూనే కనబడుతోంది. కోర్టులో ఒకసారి ఫైలు పోగొట్టినప్పుడు కూడా నేనింత సిగ్గుపడలేదు.

వీధి మలుపులో దహిబరా అమ్మే ఖేత్ర సైకిలు ఆపుకుని ఉన్నాడు. ఒక పక్క పల్చటి పెరుగు నీళ్లలో గారెలు తేలే దహిబరా బిందె, ఇంకో పక్క బంగాళాదుంప కూర ఆలూదమ్ డేగిసా. డాక్టరు నడవమన్న నాటి నుంచి ఎనిమిదేళ్లుగా నా ఉదయపు నడక సరిగ్గా ఈ సైకిలు దాకానే సాగుతుంది. ఇంట్లో మాత్రం మహానది గట్టు దాకా అని చెబుతాను.

"ఇవాళ రెండోసారా బాబూ?" అన్నాడు దొన్నె తీస్తూ.

"నాక్కాదురా. మా ఆవిడకి. ఆవిడకి ఏమిష్టమో నాకు తెలీదు. అడిగే దారీ లేదు." వాడితో ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. ఎవరితోనో ఒకరితో అనాలనిపించింది.

"అమ్మగారికా? మూడు బరా. ఆలూదమ్ వద్దు. పెరుగు నీళ్లు నిండా. రెండు పచ్చిమిరపకాయలు నలిపి, పైన నల్లుప్పు. ఉల్లిపాయ పడిందో, నన్ను తిడతారు."

"నీకెలా తెలుసురా?"

"రోజూ వేసేవాణ్ణి నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? మీరెళ్లిన గంటకి కూరల సంచీతో వస్తారు. రాగానే ఒకటే అడుగుతారు, మా ఆయన ఇవాళ ఎన్ని తిన్నాడని. మీరు ఆరు తిన్న రోజు ఇంట్లో గిద్దెడు బియ్యం తక్కువ పోస్తారట. నిలబడే గబగబా తినేసి వెళ్లిపోతారు."

మధ్యాహ్నం భోజనం నాకెప్పుడూ సరిగ్గా సరిపోవడం చూసి, నా కడుపు గడియారంలా పనిచేస్తోందని నలుగురిలో గొప్పలు చెప్పుకున్నాను. గొడుగు కింద ఒక్కణ్ణే సిగ్గుతో నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు.

దొన్నె ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని, గొడుగు చంకలో మూసి పెట్టుకుని, వానలో తడుస్తూ వెళ్లి, చెట్టు గుబురు కింద తడవకుండా ఊగుతున్న సుకాంతికి అందించాను. ఒక్క మాట అడగలేదు. ఆవిడ దొన్నెలోకి చూసింది, నన్ను చూసింది.

"ఖేత్ర చెప్పాడా?"

"చెప్పాడు."

"మొత్తం?"

"గిద్దెడు బియ్యంతో సహా."

సుకాంతి నవ్వడం మొదలెట్టింది. ఊయల తాళ్లు కిర్రుమనేలా, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. కనక మౌసీకి ఏమీ అర్థం కాక అందరినీ అడుగుతోంది. తర్వాత ఆవిడ మెల్లగా ఊగుతూ మూడు బరాలూ తింది. ఒక్కో ముక్కా నమిలి, మధ్యలో ఆగి, మిరపకాయ ఘాటుకి చప్పరిస్తూ తింది. నేను ఎదురుగా నిలబడి చూశాను. మా ఆవిడ తింటుండగా అంతసేపు చూడటం నాకదే మొదటిసారి.

దొన్నె ఎత్తి చివరి చుక్క దాకా తాగి, పెదవులు తుడుచుకుంది.

"ఇంకో రెండు తెస్తారా?"

పరుగెత్తాను. ఖేత్ర బిందెకి మూత పెట్టి సైకిలు స్టాండు తీస్తున్నాడు.

"ఆగరా, ఆగు. ఇంకో రెండు!"

"అడుగున సరిగ్గా రెండే ఉన్నాయి బాబూ. మీకొకటి, అమ్మగారికొకటి వెయ్యనా?"

"నాకొద్దు. రెండూ ఆవిడకే వెయ్యి."

వాడు గరిటె ఆపేసి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఒంట్లో బాగాలేదా బాబూ?"

"నాకేం, నిక్షేపంలా ఉన్నా. నువ్వు పెరుగు నీళ్లు నిండా పొయ్యి."