నాలుగు కన్నాల పీట

నేను ఒక పీటను. వేపచెక్క పీటను. మనుషులు కూర్చోవడానికి పుట్టాను గానీ, నలభై నాలుగేళ్ళుగా నా మీద ఎవరూ కూర్చోలేదు. దీనికి కారకులు మా ఇంటి పెద్దాయన ఎలీషా మాస్టారు. ఆయన మీద నా ఫిర్యాదు ముందే చెప్పేస్తాను, తర్వాత మొహమాటం అడ్డొస్తుంది. గోడకు మేకు కొడితే వంకర పోయేది, అయినా ఇంట్లో వడ్రంగం మీద చివరి మాట ఆయనదే. నన్ను చెక్కింది చీరాల వడ్రంగి. నాకు నాలుగు కన్నాలు పెట్టింది ఇంకో వడ్రంగి. వచ్చినవాళ్ళందరి ముందూ "ఇది నేను చేసిందే" అని నా వీపు తట్టింది మాత్రం మాస్టారు.

బాపట్లలో ఈ ఇంటికి నేను సుందరమ్మ గారి కాపురంతో పాటు వచ్చాను. పుట్టింటివాళ్ళు ఒక కుట్టుమిషనూ, దాని ముందు కూర్చోవడానికి ఎత్తు చాలదని తెలియక నన్నూ ఇచ్చి పంపారు. కుట్టుమిషనుకు పనికిరాకపోయినా బియ్యం ఏరడానికి పనికొచ్చాను. ఆవిడ సండే స్కూలు టీచరు. నా మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ బైబిలు వాక్యాలు వల్లె వేసేవారు. రాయి దొరికినచోట వాక్యం ఆగేది.

మాస్టారు అప్పట్లో పల్నాడు వైపు ఒక పిల్లల హాస్టలుకు వార్డెను. నూటయాభై మంది పిల్లల్ని వదిలి కదలడానికి వీల్లేదు. నెలకొక్కసారి, మొదటి ఆదివారం మాత్రమే ఇంటికి వచ్చే అనుమతి. ఒక నవంబరులో ఆయన వచ్చినప్పుడు సుందరమ్మ గారు చెప్పారు: క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలూ కొన్ని ఇళ్ళలో పచ్చని కొమ్మల మధ్య నాలుగు కొవ్వొత్తులు పెట్టి, వారానికొకటి చొప్పున వెలిగిస్తారట, మనమూ చేద్దామా అని. మాస్టారు "చూద్దాంలే" అన్నారు. మర్నాడు పొద్దున్నే నన్ను గోతంలో చుట్టి బస్సెక్కించారు. హాస్టలు వడ్రంగి నన్ను బోర్లా వేసి, తిరగేసి, నాలుగు మూలలా తొలిచేశాడు. నొప్పి సంగతి చెప్పను. అవమానం సంగతే చెబుతాను: పని అయ్యాక మాస్టారు ఒక్కొక్క కన్నంలో వేలు పెట్టి చూసి, "నేను చెప్పినట్టే వచ్చింది" అన్నారు.

డిసెంబరు ఆరో తేదీ ఆదివారం నన్ను మోసుకుని ఇంటికొచ్చారు. గుమ్మంలోనే ఆయన మొహం చిన్నబోయింది.

"సుందరా, గుళ్ళో పోయినవారమే మొదలైందంట గదా. స్టేషన్లో పాస్టరు గారు చెప్పారు. నేను లేకుండానే మొదటిది అయిపోయిందన్నమాట."

సుందరమ్మ గారు నన్ను అందుకుని కొంగుతో తుడిచారు.

"అయిపోలేదండీ. డిసెంబరు మొదటి ఆదివారమే అసలుది. వాళ్ళు ముందువారం రిహార్సలు పెట్టుకుంటారు."

సండే స్కూలు టీచరు చెప్పిన మాట. మాస్టారు నమ్మారు. నేనూ నమ్మాను.

ఆ సాయంత్రం నా చుట్టూ సముద్రపుగట్టు నుంచి తెచ్చిన సరుగుడు కొమ్మలు పరిచారు. కరెంటు పోయినప్పుడు వాడే తెల్ల కొవ్వొత్తులే పెట్టారు. మొదటి వత్తి మాస్టారు వెలిగించారు. అది మొదలు, ప్రతి డిసెంబరు మొదటి ఆదివారం మా ఇంట్లో అటక దిగేది ముందు నేను, తర్వాత అరిసెల మూకుడు. సున్నాలు వేయడం, దర్జీ చుట్టూ తిరగడం, డాబా మీద వెదురు గడకు కాగితం నక్షత్రం కట్టడం, అన్నీ నా తర్వాతే. పాకం చూసే చేతులు ముందు నా మీద మైనం గీకేవి.

కొన్నేళ్ళలో లెక్క బాగానే కుదిరేది. కొన్నేళ్ళలో నాలుగో కొవ్వొత్తి క్రిస్మస్ దాటాక ఇరవై ఏడునో ఇరవై ఎనిమిదినో వెలిగేది. అప్పటికి కేకులు అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయి, అరిసెలు గట్టిపడి ఉండేవి. ఎవరైనా నవ్వితే మాస్టారు వదిలేవారు కాదు. మారిన ప్రతి పాస్టరు గారితోనూ వాదించారు. "మీరు రిహార్సలుకు వెలిగిస్తున్నారండీ" అని ఆయన చెబుతుంటే సుందరమ్మ గారు వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చేవారు. ఎవరికీ దాహం వేయకపోయినా తెచ్చేవారు.

ఇలాంటి ఇంటికి నరసాపురం నుంచి హెప్సిబా కోడలిగా వచ్చింది. బి.కాం. చదివింది. చేతిలో సంఘం వాళ్ళు వేసిన పంచాంగం ఉంది. పెళ్ళయిన ఏడాదే తప్పు పట్టుకుంది.

"అత్తయ్య గారూ, క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలండి. డిసెంబర్లో నాలుగు ఆదివారాలు కాదు. ఇలాగైతే ప్రభువు పుట్టేశాక మనం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది."

"మా ఇంట్లో ఇంతేనమ్మా. ఆలస్యంగా వచ్చిన చుట్టానికి అన్నం పెట్టమా ఏంది?"

తొమ్మిదేళ్ళు ఈ వాదన నడిచింది. హెప్సిబా భర్త జోయెలు ఎటూ మాట్లాడకుండా నక్షత్రానికి బల్బు బిగిస్తూ డాబా మీదే ఉండిపోయేవాడు. తెలివైనవాడు.

పోయిన ఆగస్టులో మాస్టారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. అప్పటినుంచి సుందరమ్మ గారు సండే స్కూలుకు వెళ్ళడం మానేశారు. బియ్యం ఏరుతున్నా వాక్యం వినపడలేదు. నవంబరు నడుస్తుండగా హెప్సిబా జోయెలుతో అంది: "ఈ ఏడు అత్తయ్య గారు ఆ పీట ముందు కూర్చుంటారో లేదోనని నాకు బెంగగా ఉందండి. కూర్చోకపోతే ఇక ఎప్పటికీ కూర్చోరు." ఆ మాటలో వెటకారం లేదు. ఆ బెంగతోనే చేయకూడని పని చేసింది.

నవంబరు ముప్పై, ఆదివారం. సుందరమ్మ గారిని బలవంతం చేసి స్త్రీల సమాజం కూడికకు పంపింది. తనే అటకెక్కి నన్ను దించింది, సరుగుడు కొమ్మలు తెప్పించింది. ఈసారి ఊదారంగు కొవ్వొత్తులు, మూడోది గులాబీరంగు, అన్నీ పద్ధతి ప్రకారం. ఆవిడ వచ్చేసరికి ఇల్లు పండగలా కనిపించాలని మొదటి వత్తి వెలిగించేసింది.

సుందరమ్మ గారు గుమ్మంలో చెప్పులు విడిచి నన్ను చూశారు. తిడతారేమో అనుకున్నాను. తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఆ వారమంతా హాల్లోకి వచ్చినప్పుడల్లా నన్ను చుట్టి, గోడవారగా నడిచారు.

శనివారం మధ్యాహ్నం హెప్సిబా ఉండబట్టలేకపోయింది. పంచాంగం తీసుకుని వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"నా మీద కోపం ఉంటే తిట్టండి అత్తయ్య గారూ. కానీ చూడండి, ఇందులో ఉంది. నేను తప్పు లెక్క వేయలేదండి."

"నీ లెక్క రైటే," అన్నారు సుందరమ్మ గారు. "నాకు తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. సండే స్కూల్లో నేనే చెప్పేదాన్ని గదా పిల్లలకి."

హెప్సిబా పంచాంగం మూసింది.

"ఆయనకి నెలకొక్క ఆదివారం. ఆ పీట మోసుకుని పల్నాడు నుంచి వచ్చాడు. మొదటిది అయిపోయిందని మొహం అట్టా పెట్టుకుంటే, అవునండీ అయిపోయింది అని ఎట్టా చెప్పేది? ఒక్క ఏడాదికే అనుకున్నా. మరుసటేడు ఆయనే అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. రిటైరై ఇంటికొచ్చాక చెబుదామనుకున్నా. అప్పటికి ముగ్గురు పాస్టర్లతో పోట్లాడి ఉన్నాడు." ఆవిడ కాస్త నవ్వారు. తర్వాత నవ్వలేదు. "నవంబరు ఆఖరి వారం వస్తే నాకు పండగ కాదమ్మా. ఆయన ఇంకో వారానికి వస్తాడని లెక్క. ఆ వారం నువ్వు దాటించేశావు. అంతే. నీ తప్పేం లేదులే."

నలభై నాలుగేళ్ళు అబద్ధాన్ని వీపున మోసిన పీటగా నేను సిగ్గుపడాలి. ఎందుకో సిగ్గనిపించలేదు.

మర్నాడు, డిసెంబరు ఏడో తేదీ సాయంత్రం, పాస్టరమ్మ గారు స్త్రీల సమాజం వాళ్ళు నలుగురితో ప్రార్థనకు వచ్చారు. హెప్సిబా పొద్దున్నే నా మీది కొవ్వొత్తులన్నీ పీకేసి, కన్నాల్లో మైనం గీకి, కొట్లో దొరికిన తెల్లవి నాలుగు పెట్టింది. ఒక్కదానికీ వత్తి నల్లబడి లేదు. పాస్టరమ్మ గారు చూడనే చూశారు.

"ఇదేందమ్మా హెప్సిబా, ఇవాళ రెండో ఆదివారం. పోయినవారం మీ ఇంట్లో వెలిగించారని విన్నానే? నువ్వే గదా మాకందరికీ లెక్క చెప్పేది."

తొమ్మిదేళ్ళుగా ఆ లెక్కతో గెలవడానికి ఎదురుచూసిన మనిషి. సమాజం సభ్యులు నలుగురూ సాక్షులుగా ఉన్నారు. గది తలుపు సగం తెరిచి ఉంది, ఆ సందులో సుందరమ్మ గారి చీర అంచు కనిపిస్తోంది.

హెప్సిబా అగ్గిపెట్టె తీసుకుని ఆ తలుపు దగ్గరికి నడిచింది.

"పోయినవారం నేను వెలిగించింది రిహార్సలండి," అంది, గది లోపలికి కూడా వినపడేలా. "మా ఇంట్లో ఇవాళే మొదటిది. ఇన్నేళ్ళూ నేనే తప్పండి, పాస్టరమ్మ గారూ. మా మావయ్య గారు చెప్పిందే రైటు."

అగ్గిపెట్టె అందుకోవడానికి లోపలినుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది.